శౌకు పెట్టెలో గాంధారం

1936వ సంవత్సరం. నిజామాబాదు స్టేషన్ నుంచి బజారుకు పోయే తోవలో నాకు హార్మోనియంల దుకాణం ఉండేది. దుకాణమంటే చిన్న గదే. ముందు సగం అమ్మకానికి, వెనక సగం మరమ్మతుకు. మా తాతలది వడ్రంగం. నేను నాందేడులో ఒక మరాఠీ ఉస్తాద్ దగ్గర ఏడేళ్లుండి ఈ పని నేర్చుకొచ్చాను. మా వైపు హార్మోనియం అని ఎవరూ అనరు, పెట్టె అంటారు. నన్ను పెట్టెల విఠల్ అనేవారు. ఆ పేరు చూసుకుని నేను కొంచెం ఎగిరిపడేవాణ్ణి కూడా. ఎంత ఎగిరిపడ్డానో, ఎలా నేలకు దిగానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పెట్టె లోపల ఏముంటుందో తెలియనివారి కోసం రెండు మాటలు. వెనక బెలోస్ అనే తిత్తి ఉంటుంది. ఎడమచేత్తో దాన్ని ఊపితే లోపల గాలి నిండుతుంది. మెట్టు నొక్కితే ఆ గాలి సన్నని ఇత్తడి నాలుకను అదిరిస్తూ బయటికి పోతుంది. ఆ నాలుకనే రీడ్ అంటాం. రీడ్ కొసన గీకితే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. అలా గీకుతూ, వింటూ, మళ్లీ గీకుతూ స్వరాలన్నీ ఒకదానితో ఒకటి కుదిరేలా చేయడమే ట్యూనింగ్. చెక్కపని ఎంత ముద్దుగా ఉన్నా పెట్టె ప్రాణం రీడ్లలోనే ఉంటుంది.

నా దుకాణంలో రెండు అరలుండేవి. పై అరలో మేళం పెట్టెలు. నాటకాల వాళ్లు, కచేరీల వాళ్లు, దాని మీదే బతికేవాళ్లు కొనేవి. వాటిలో దిటవైన జర్మనీ రీడ్లు వేసేవాణ్ణి. కింది అరలో శౌకు పెట్టెలు. శౌకంటే సరదా. పని ముగించుకుని ఇంటికొచ్చి నాలుగు పాటలు పాడుకునేవాళ్ల కోసం పలచని రీడ్లు వేసి తొందరగా కట్టినవి. ఎవరు గడప తొక్కినా ముందు "మేళానికా, శౌకుకా?" అని అడగాలని మా ఉస్తాద్ నేర్పాడు. శౌకు అంటే పై అర వైపు చూడనివ్వకూడదు.

అది మోసం కోసం పెట్టుకున్న పద్ధతేమీ కాదు. ఒక పెద్ద దొర శౌకుకని మంచి మేళం పెట్టె పట్టుబట్టి కొనుక్కుపోయాడు. ఏడాది తర్వాత వాళ్ల బంగ్లాకు ఏదో పని మీద పోతే, ఆ పెట్టె మూత తీసి అందులో తమలపాకులు ఆరకుండా తడిగుడ్డలో చుట్టి పెట్టుకున్నారు. పదిహేను రోజులు కూర్చుని ట్యూన్ చేసిన రీడ్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. నా కడుపు మండిపోయింది. అప్పటినుంచి ఉస్తాద్ మాట నాకు వేదమే అయింది.

ట్యూనింగులోనూ రెండు పద్ధతులు పాటించేవాణ్ణి. మేళం పెట్టెకైతే తిత్తి బలంగా ఊపి, నిండు గాలిలో ఒక్కొక్క రీడ్‌నూ పరీక్షించేవాణ్ణి. నాటకం అంటే వెనక వరసలో కూర్చున్నవాడికీ వినపడాలి కదా. శౌకు పెట్టెకు మాత్రం మెల్లని గాలిలోనే చూసేవాణ్ణి. ఇంట్లో తలుపు వేసుకుని, పక్కింటివాళ్లు తిట్టకుండా వాయించుకునే మనిషికి అంత హంగామా ఎందుకని నా లెక్క.

ఆ ఏడు దసరా పోయిన వారానికి సాయిలు వచ్చాడు. బోధన్‌కు మూడు కోసుల దూరంలో ఒక ఊరు వాళ్లది. నిజాంసాగర్ కాలువ వచ్చాక ఆ వైపంతా చెరుకు పడింది. చెరుకుతో పాటు బెల్లం పొయ్యిలు లేచాయి. సాయిలు పని బెల్లం వండడం. సన్నటి మనిషి, నలభై ఏళ్లుంటాయేమో, మోచేతుల దాకా కాలిన మచ్చలు. ఊళ్లో భజన మండలికి ఇరవై ఏళ్లుగా అతనే పెట్టె వాయిస్తున్నాడట. పాత పెట్టె తిత్తి చిరిగి ఇక అతుకులకు కూడా లొంగలేదట.

నా ప్రశ్న నేను అడిగేలోపే అతను పై అరలోని పెట్టె మీద ఒక్క మెట్టు నొక్కి పట్టుకున్నాడు. పాట లేదు, సరిగమ లేదు. ఆ ఒక్క స్వరాన్నే తలవంచి వింటున్నాడు. గాలి అయిపోయేదాకా విని, మళ్లీ ఊపి, మళ్లీ విన్నాడు.

"అది మేళమోల్లది," అన్నాను. "నీది శౌకే గద?"

"శౌకే అన్న. దీంతోని నాకు కూడు దొరకదు. గని నేను వాయిస్తె ఊరంత నా ఎనకనే పాడుతది."

ఆ మాట విని నేను నవ్వాను. ఊరు పాడితే పాడనీ, భజనకు కింది అరలోది చాలని చెప్పి ఒక పెట్టె దించి ముందు పెట్టాను. సాయిలు పై అర వైపు ఇంకొక్కసారి చూసి, ఎదురు చెప్పకుండా నేనిచ్చినది నెత్తిన పెట్టుకుని పోయాడు. మండలి వాళ్లు పోగు చేసిచ్చిన సొమ్ముకు పై పెట్టె కూడా వచ్చేదని నాకు తర్వాత తెలిసింది. అతను ఆ సంగతి చెప్పలేదు, నేను అడగలేదు. పెట్టెల విఠల్ చెప్పాడంటే సరిగ్గానే చెప్పి ఉంటాడని నమ్మాడు.

నెల తిరక్కుండానే వచ్చాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని బోధన్ దాకా నడిచి, అక్కడ బస్సు పట్టుకుని వచ్చాడు.

"గాంధారం ఒక్కతీరుగ ఉంటలేదన్న. భజన జోరు మీద ఉన్నప్పుడు కిందికి జారుతున్నది."

నేను పెట్టె ముందు పెట్టుకుని, మెల్లగా తిత్తి ఊపి, అతను సా పట్టుకునే మెట్టు నుంచి గాంధారం దాకా పోయాను. నిమ్మళంగా, కుదురుగా పలికింది. రెండుసార్లు వినిపించాను. ఇక్కడ మంచిగానే ఉందని అతనూ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని కూడా, ఊళ్లో మాత్రం జారుతోందన్నాడు. ఊరు మారితే స్వరం మారదని చెప్పి పంపించాను.

రెండోసారి వచ్చినప్పుడు దుకాణంలో మనుషులున్నారు. నాటకాల వాళ్లు ముగ్గురు కూర్చుని చాయ్ తాగుతున్నారు. సాయిలు అదే మాట మళ్లీ చెప్పాడు. నేను మళ్లీ మెల్లగా వాయించి చూశాను. మళ్లీ అంతా బాగానే ఉంది. పెద్దవాళ్ల ముందు నా పనిని తప్పు పడుతున్నాడని నాకు చిర్రెత్తుకొచ్చింది.

"పెట్టెకు ఏం కాలేదు సాయిలు. ఖరాబైంది నీ చెవు. చెవులు మరమ్మతు చేసుడు నాకు రాదు."

చాయ్ తాగుతున్నవాళ్లు గట్టిగా నవ్వారు. సాయిలు కూడా కొంచెం నవ్వినట్టే చేసి, పెట్టె ఎత్తుకుని దిగిపోయాడు. ఆ తర్వాత రాలేదు. పీడ వదిలిందనుకున్నాను. ఆ మాట ఎంత చక్కగా పేలిందోనని రెండు మూడు రోజులు నాలో నేనే మురిసిపోయాను కూడా. రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మాఘంలో ఆ ఊరి పటేలు గంగారెడ్డి నా దుకాణానికి వచ్చాడు. వాళ్ల ఊళ్లో ఏటా సప్తాహం చేస్తారు. ఏడు రోజులు ఎడతెగని భజన. ఏడో రోజు పొద్దున 'కాలా' అని, పెరుగులో పేలాలు కలిపి అందరికీ పంచి ముగిస్తారు. చుట్టుపక్కల మూడు ఊళ్ల మండళ్లు ఆనాడు వచ్చి కూర్చుంటాయి. దానికి పట్నం నుంచి కూలి మాట్లాడుకుని ఒక పెట్టె మాస్టరును పంపమని పటేలు అడిగాడు.

సాయిలు ఉన్నాడు కదా అన్నాను.

"ఏడున్నడు? వాని చెవు ఖరాబైందని నువ్వే చెప్పినవట గద. అప్పటిసంది పెట్టె అటకెక్కిచ్చిండు. గుడి దిక్కే వస్తలేడు. పాడుమంటె గూడ పాడుతలేడు."

నవ్వులాటకు అన్నానని చెప్పబోయాను. కానీ నేను నవ్వులాటకు అనలేదు, నిజమని నమ్మే అన్నాను. ఇరవై ఏళ్లు ఊరిని పాడించిన మనిషి నా ఒక్క మాటకు నోరు మూసుకున్నాడు. సప్తాహంలో అతని చోట ఇంకొకరు కూర్చుంటే ఆ చోటు మళ్లీ అతనికి రాదు. ఒకసారి కూలి మాస్టరుకు అలవాటు పడిన ఊరు వెనక్కి తిరిగి చూడదు.

పటేలు అడిగినట్టే ఒక మాస్టరును ఏడో రోజుకు మాట్లాడిపెట్టాను. నాటకాల్లో పేరున్న మనిషి, నాకు పాత ఖాతాదారు. అయినా మనసు ఊరుకోలేదు. చోటు ఎలా ఉందో చూసి వస్తానని వంక పెట్టి మర్నాడే పటేలు వెంట బయల్దేరాను.

పోయేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఊరి బయట చెరుకు తోట పక్కన సాయిలు బెల్లం పొయ్యి దగ్గర ఉన్నాడు. ఒక పక్క గానుగ తిరుగుతోంది. పెద్ద పెనంలో చెరుకు రసం మరుగుతోంది. పొగ, ఆవిరి కలిసి పెనంలో ఏముందో నాకైతే కనబడలేదు. సాయిలు నన్ను చూసి లేచి వచ్చి, గొంగడి పరిచి, లోటాలో రసం పోసి ఇచ్చాడు. మొహంలో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

అతను పెనానికి వీపు పెట్టి నాతో మాట్లాడుతున్నాడు. బస్సు ఎలా ఉంది, నాటకాల వాళ్లు బాగున్నారా అని అడుగుతున్నాడు. మాట మధ్యలో ఆగాడు. తల కూడా తిప్పకుండా, "దించుండ్రి," అన్నాడు. నలుగురు మనుషులు గబగబా మోకులు పట్టి పెనం దించారు. పాకం తొట్టిలో పోశారు. అది కాసేపట్లో బంగారు రంగులో గడ్డకట్టింది.

చూడకుండా ఎలా చెప్పావని అడిగాను.

"పొగల ఏం కనబడ్తదన్న? సప్పుడు ఇని దించాలె. మొదాలు పలుచగ ఉడుకుతది, సప్పుడు సన్నగ వస్తది. పాకం చిక్కబడ్డకొద్ది బొంగురు పోతది. గా బొంగురుల ఒక్క మెట్టు దాటినా బెల్లం కాలినట్టే."

అతను మామూలుగానే చెప్పాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. మరిగే పాకంలో స్వరం ఎక్కడ దిగుతోందో వీపు తిప్పి చెప్పగల మనిషి చెవి ఖరాబైందని నేను నలుగురిలో తీర్పు చెప్పాను. ఆ ఊరి బెల్లానికి బజారులో ఉన్న పేరంతా ఆ చెవిదే.

పెట్టె తెమ్మన్నాను. అటక మీదుంది, ఇప్పుడెందుకులే అన్నాడు. వినలేదు. ఇంటికి తీసుకుపోయి నేనే దింపించాను. అతని భార్య లచ్చవ్వ దుమ్ము తుడిచి నా ముందు పెట్టింది. ఎప్పటిలా నేను వాయించబోయి ఆగాను. పెట్టెను సాయిలు ముందుకు జరిపాను.

"నువ్వే వాయించు. భజనల ఎట్ల వాయిస్తవో గట్లనే."

మొదట మొగమాటపడ్డాడు. తర్వాత సర్దుకు కూర్చుని తిత్తి ఊపాడు. ఆ ఊపు చూసి నేను అదిరిపడ్డాను. ఏ నాటకాల మాస్టరూ అంత బలంగా ఊపగా నేను చూడలేదు. ఇంటి పెంకులు మోగేలా వాయిస్తూ గాంధారం మీదికి వచ్చి నిలబడ్డాడు. స్వరం నిలబడలేదు. నా కళ్ల ముందే, నా చెవులకే, కిందికి జారిపోయింది. తిత్తి మెల్లగా ఊపమన్నాను. స్వరం తిన్నగా వచ్చింది. గట్టిగా ఊపమన్నాను. మళ్లీ జారింది.

అప్పుడు నా తెలివితక్కువతనం మొత్తం నాకు అర్థమైంది. పలచని రీడ్‌ను ఇంకా గీకి ఇంకా పలచన చేశాను. అది మెల్లని గాలికి సరిగ్గా పలికి, బలమైన గాలికి కిందికి దిగిపోతుంది. దుకాణంలో నేను ఎన్నిసార్లు మెల్లగా వాయించినా అది దొరకదు. శౌకు వాళ్లు మెల్లగా వాయిస్తారనుకున్నాను. నాటకంలో మాస్టరుకు ఎదురుగా పాడేది ఒక్క గొంతు. భజనలో నలభై గొంతులు, ఇరవై జతల తాళాలు, ఒక మృదంగం. వాటన్నిటి మీదుగా వినపడాలంటే శౌకు వాడే అందరికంటే గట్టిగా ఊపాలి. ఊరంత నా ఎనకనే పాడుతదని అతను మొదటిరోజే చెప్పాడు. నేనే చెవిన పెట్టలేదు.

"తప్పు పెట్టెది సాయిలు," అన్నాను. "పెట్టెది గూడ కాదు, నాది. నీ చెవుకు ఏం కాలేదు."

సాయిలు మెట్ల మీద చేతులు అలాగే ఉంచి కూర్చున్నాడు. మాట్లాడింది లచ్చవ్వే.

"గీ మాట ఊర్ల చెప్తవా అన్నా? మూడు నెలల సంది ఇంట్ల గూడ కూనిరాగం తీస్తలేడు. బెల్లం దించేటప్పుడు గూడ సరిగ్గ ఇన్ననా లేదా అని నన్ను అడుగుతున్నడు."

ఆ సాయంత్రమే పటేలు అరుగు మీద పదిమంది ముందు చెప్పాను. పెట్టె కట్టినవాణ్ణి నేను, తప్పుగా కట్టినవాణ్ణీ నేనేనని చెప్పాను. జనం విన్నారు కానీ పటేలు మెత్తబడలేదు. మూడు ఊళ్ల వాళ్లు వచ్చే రోజది, నువ్వు ఆనాడు ఒకటన్నావు ఈనాడు ఒకటంటున్నావు, ఏ మాట నమ్మాలని అడిగాడు. అడగడం న్యాయమే. పైగా మాస్టరుకు మాట ఇచ్చేశారు. చివరికి, ఏడో రోజు పొద్దున మాస్టరే పెట్టెనూ సాయిలునూ చూసి, ఎవరు కూర్చోవాలో చెప్పాలని ఒప్పందం కుదిరింది.

మర్నాడు నిజామాబాదు వచ్చి పై అరలోని పెట్టె దించాను. సాయిలు ఆ రోజు ఒక్క మెట్టు పట్టుకుని విన్న పెట్టె అదే. దాన్ని తీసుకుపోయి వాళ్లింట్లోనే రెండు రోజులు కూర్చుని మళ్లీ ట్యూన్ చేశాను. తిత్తి అతనిది, ఆకురాయి నాది. అతను తన బలమంతా పెట్టి ఊపుతుంటే ఒక్కొక్క రీడ్ చూశాను. అంతా అయిందనుకున్నాక అతను నసుగుతూ, ఒక నల్లమెట్టు జర బిగిసి, పైకి పలుకుతున్నట్టుందని అన్నాడు. పెట్టెల విఠల్‌కు అది వినపడలేదు. దాన్ని పక్క మెట్లతో కలిపి చూస్తే నిజమే. వెంట్రుకవాసి గీకాను. సరిపోయింది. ఆ క్షణంలో నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. పనిలో నన్ను మించిన చెవి ఎదురుపడితే కుళ్లుకుంటారని అంటారు. నాకైతే గుండెల మీది బరువు దిగినట్టయింది.

సప్తాహం మొదలై, ఆరు రోజులు పెట్టె లేకుండా తాళాలతోనే నడిచి, ఏడో రోజు వచ్చింది. పందిరి కింద మూడు ఊళ్ల మండళ్లు బారులు తీరి కూర్చున్నాయి. మాస్టరు పొద్దున్నే బండిలో దిగాడు, జరీ అంచు కండువా వేసుకుని. చాప మీద సాయిలు శౌకు పెట్టె, నేను తెచ్చిన మేళం పెట్టె రెండూ పెట్టాను. ఎందుకో ఆయన పాత శౌకు పెట్టెనే దగ్గరికి లాక్కున్నాడు. రెండు మూడు మెట్లు నొక్కి చూసి, వెంటనే అందుకున్నాడు.

ఎంత బాగా వాయించాడంటే, పందిరి మొత్తం ఊగింది. ఎక్కడా జారుడు లేదు, తడబాటు లేదు. పటేలు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తే. సాయిలు మొహం మాత్రం నల్లబడిపోయింది. నా చెవి దగ్గరికి వంగి అన్నాడు.

"సూసినవా అన్న. పెట్టె మంచిగనే ఉన్నది. నేనే ఖరాబు."

మూడు నెలలకు లేచిన మనిషి మళ్లీ కూలిపోతున్నాడు, దానికి సాక్ష్యం నా పెట్టే చెబుతోంది. మాస్టరు ఆపగానే, అందరి ముందే, ఆ పెట్టె బాగుందా అని అడిగాను.

ఆయన నవ్వి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఏం బాగు? నడుమల గాంధారం దొంగది. గట్టిగ ఊపితె జారుతది. రెండు సార్లు నొక్కంగనే సమజైంది. అందుకే దాని మీద నిలబడలె, ఉరికిన. నేనొక్కన్ని కాబట్టి తప్పిచ్చుకున్న. నలభై మంది పాడుకుంట దాని మీద నిలబడితె నేనేడికి పోత?"

మాస్టరు చుట్టూ చూసి, ఇన్నాళ్లూ దీని మీద వాయించి, తేడా ఉందని కనిపెట్టింది ఎవరని అడిగాడు. నేను సాయిలును చూపించాను. ఆయన చాప మీద పక్కకు జరిగి చోటిచ్చాడు.

సాయిలు కూర్చున్నాడు. మంచి పెట్టెను ముందుకు లాక్కుని కళ్లు మూసుకున్నాడు. మొదటి చరణం మెల్లగానే నడిచింది. రెండో చరణంలో జోరందుకుంది. మృదంగం, తాళాలు, మూడు ఊళ్ల గొంతులు అన్నీ కలిసి పైకి లేచి గాంధారం మీదికి వచ్చాయి. సాయిలు తిత్తిని బలమంతా పెట్టి ఊపాడు. స్వరం నిలబడింది. జనం ఎంత సేపు పట్టుకుంటే అంత సేపూ నిలబడింది. గొంతులన్నీ దాని మీద ఒక్కటయ్యాయి. అప్పుడు సాయిలు నోరు విప్పాడు. మూడు నెలలుగా ఇంట్లో కూడా వినపడని ఆ గొంతు పందిరి దాటి చెరుకు తోటల దాకా పోయింది. ఆడవాళ్ల వైపు లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, పాడుతోంది, రెండూ చేస్తోంది. నా కళ్లూ ఆగలేదు.

మాస్టరు పక్కవాడి చేతిలోని తాళాలు అడిగి తీసుకున్నాడు. కూలి మాట్లాడుకుని వచ్చిన పెద్దమనిషి, ఆ పొద్దంతా సాయిలు వెనక తాళం వేశాడు. పొరుగూరి మండలి పెద్ద లేచి, మా పాట కూడా ఈయన పెట్టెకే పాడతామన్నాడు. అదయ్యాక ఇంకో ఊరి వాళ్లు. కాలా కోసం కలిపిన పెరుగు పులిసిపోయింది. పులిసినా సరేనని పటేలే చెప్పాడు, ఆపనివ్వలేదు. వచ్చే ఏడు మాస్టరును పిలవాల్సిన పని లేదని నాతో అన్నాడు. పిలిస్తే వినడానికి వస్తానని మాస్టరు అన్నాడు.

మంచి పెట్టె అక్కడే ఉండిపోయింది. పాతది నేను వెనక్కి తీసుకుపోతానని బండిలో పెట్టించాను. సాయిలు బండి దాకా వచ్చి, ఎద్దు మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఏదో అడగాలని ఉన్నట్టుంది. చెప్పమన్నాను.

"గీ పెట్టె మల్ల ఎవలికన్న శౌకుకు అమ్మకు అన్న. వాడు గూడ తన చెవునే తిట్టుకుంటడు."

తలూపాను. దుకాణానికి చేరగానే ఆ పెట్టె విప్పి రీడ్లన్నీ ఊడబీకాను. కింది అరలో ఉన్న తక్కిన పెట్టెలనూ విప్పాను.

సరదాకు వాయించుకునేవాడు మేళం వాడి పెట్టె కొనాలా అని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. నగిషీలు అక్కర్లేదు. మూడు వరసల రీడ్లు అక్కర్లేదు. ఒక మెట్టు నొక్కితే రెండు పలికే కప్లర్ అనే హంగూ అక్కర్లేదు. కానీ రీడ్ మాత్రం మేళం వాడికి వేసేదే వెయ్యాలి, నిండు గాలిలో చూసే ఇవ్వాలి. చెయ్యి తిరిగినవాడికి చెడ్డ పెట్టె ఇచ్చినా బతుకుతాడు. రెండు సార్లు నొక్కి, దొంగ మెట్టేదో కనిపెట్టి, దాని మీదుగా ఉరికిపోతాడు. శౌకుతో నేర్చుకునేవాడికి ఆ ఉరుకుడు రాదు. పెట్టె చెప్పిందే నిజమనుకుంటాడు. తన గొంతే తప్పనుకుంటాడు.

అలాంటివాళ్లు ఇంకెంతమంది ఉన్నారోనని నాకు దిగులు పట్టుకుంది. ఆ ఎండాకాలం దుకాణానికి తాళం వేసి, ఆకురాయి, కొత్త రీడ్లు సంచిలో వేసుకుని, శౌకు పెట్టెలు ఎవరెవరికి అమ్మానో గుర్తు చేసుకుంటూ ఊళ్లు తిరిగాను. వేల్పూర్‌లో ఒక పసుపు రైతు, కంఠేశ్వర్ దగ్గర ఒక బీడీల దుకాణం ఆయన, బోధన్‌లో ఒక బడిపంతులు, ఇంకా కొందరు. పోయిన చాలా ఇళ్లలో పెట్టె అటక మీదే ఉంది. మనకు చెవి లేదులే విఠల్ అని నవ్వుతూనే చెప్పారు. ఒక్కరూ నన్ను తప్పు పట్టలేదు. అన్నిచోట్లా పెట్టె దింపించి, రీడ్లు మార్చి, వాళ్ల చేతే బలమంతా పెట్టి ఊపించి ట్యూన్ చేశాను. తర్వాత వాళ్లనే వాయించమని ఎదురుగా కూర్చుని విన్నాను. కొందరికి చెయ్యి తడబడింది, కొందరికి పాట మధ్యలో మరుపు వచ్చింది. చెవి లేని మనిషి మాత్రం ఏ ఇంట్లోనూ నాకు కనబడలేదు.